ఏమీ లేనివాళ్ళు ఒకరికొకరు ఏమిచ్చుకుంటారు? చంద్రగిరి, మల్కన్‌గిరిలో పనిచేసిన మనిషి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరబోతున్నారు. ఆ జిల్లాలోని చంద్రగిరి టిబెటన్ శిబిరాల గురించీ, ఒడిశాలోనే ఉన్న మల్కన్‌గిరి జిల్లా బెంగాలీ శరణార్థుల ఊళ్ళ గురించీ చదివారు. ప్రభుత్వం భూమి ఇచ్చింది, సంస్థలు దుప్పట్లు పంచాయి అని అన్నిచోట్లా ఉంది గానీ, వచ్చినవాళ్ళు తమలో తాము ఎలా ఆదుకున్నారో ఎక్కడా దొరకలేదు. "అందరూ ఒకేసారి దెబ్బతిన్నాక ఎవరు ఎవరికి ఏమివ్వగలరు?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. డబ్బూ బియ్యం చేతులు మారతాయి, కాదనను. కానీ అది చిన్న భాగమే. వాళ్ళు ఒకరికొకరు ఎక్కువగా ఇచ్చుకునేది పూచీ. "ఇతను మావాడే, ఎగ్గొడితే నన్నడగండి" అనే మాట. సొంత ఊళ్ళో మనకు ఆ మాట ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు కాబట్టి దాని విలువ మనకు కనపడదు. ఊరు పోయినవాడికి అప్పు పుట్టదు, అద్దెకు ఇల్లు దొరకదు, పెద్దాసుపత్రిలో ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియదు. ఆ లోటు పూడ్చేది ముందుగా వచ్చి కాస్త నిలదొక్కుకున్న తోటివాడే. పూచీ తరవాత కబురు, ఆ తరవాత వంతులవారీ చాకిరీ. ఇవేవీ ఉత్తినే రావు, అన్నిటికీ లెక్క ఉంటుంది. ఆ లెక్క రాసే పుస్తకం ఎవరింట్లో ఉందో తెలుసుకుంటే మీ ఉద్యోగంలో సగం పని అయినట్టే.

నా సంగతి కూడా చెప్పాలి కదా. మాది పర్లాకిమిడి. పొదుపు సంఘాల పని మీద, చంద్రగిరి ఉన్న మోహన బ్లాకులో చాలాకాలం తిరిగాను, మధ్యలో కొన్నేళ్ళు మల్కన్‌గిరిలో ఉన్నాను, తుఫాన్లప్పుడు సహాయ శిబిరాల్లో పనిచేశాను. ఒడియా బాగా వచ్చు, బెంగాలీ అర్థమవుతుంది, టిబెటన్ రాదు. కాబట్టి చంద్రగిరి గురించి చెప్పేదంతా హిందీ, ఒడియాల్లో విన్నదీ కళ్ళతో చూసిందీ.

ఒక చిక్కు ముందే విప్పుకోండి. "శరణార్థులు" అని ఒకే గంపలో వేస్తే మీకేమీ అర్థం కాదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అందుకని ఒక్కో గుంపు ఒక్కో రకం కాగితం మీద బతుకుతోంది. టిబెటన్లలో ఎక్కువమంది విదేశీయుల కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, అదే ఆర్‌సీ, ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకుంటూ ఉంటారు. మల్కన్‌గిరి బెంగాలీల్లో ముందుగా వచ్చినవాళ్ళు ఓటర్లే. బలిమెల, మాచ్‌ఖండ్ రిజర్వాయర్ల కింద ఊళ్ళు పోయిన ఆదివాసులు తమ దేశంలో, తమ జిల్లాలోనే నిర్వాసితులు. 2008లో కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల మీద జరిగిన అల్లర్లప్పుడు ఇళ్ళు వదిలినవాళ్ళదీ అదే పరిస్థితి. కష్టం ఒకేలా కనపడుతుంది గానీ, ఒకరికొకరు ఆసరా అయ్యే వీలు మాత్రం అందరికీ ఒకేలా ఉండదు.

చంద్రగిరితో మొదలుపెడతాను, మీ ఉద్యోగం అటే కాబట్టి.

1959లో దలైలామా వెనక కొండలు దాటి వచ్చినవాళ్ళలో చాలామంది మొదట హిమాలయాల్లో రోడ్డు పనుల్లో కూలికి కుదిరారు. వాళ్ళలో కొందరిని 1963లో ఇక్కడ దింపారు. ఐదు శిబిరాలు, మొత్తాన్ని కలిపి ఫుంత్సోక్‌లింగ్ అంటారు. అంత చలిదేశం వాళ్ళకు ఒడిశాలో ఎందుకు చోటిచ్చారా అని మనకు అనిపిస్తుంది గానీ, తప్తపాణి ఘాట్ ఎక్కి అటు దిగితే మీకే తెలుస్తుంది, బరంపురం ఉక్కపోత అక్కడుండదు. జిరంగ్ దగ్గర 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ విహారం ఉంది. మనవాళ్ళు దాన్ని చూసి, ఫొటోలు దిగి, అంతా విహారమే నడిపిస్తుందనుకుని వెళ్ళిపోతారు. విహారం చేసేది ఉంది, టిబెటన్ల ప్రవాస ప్రభుత్వం ఉన్న హిమాచల్‌లోని ధర్మశాల ఊరి నుంచి వచ్చే సెటిల్‌మెంట్ అధికారి చేసేది ఉంది, సహకార సంఘం ట్రాక్టర్లూ ఎరువులూ చూసుకుంటుంది. వీటన్నిటి కింద కనపడకుండా నడిచే పద్ధతి ఇంకోటి ఉంది. అది బాగా బయటపడేది స్వెటర్ల సీజన్‌లో.

అక్కడ ప్రధాన పంట మొక్కజొన్న. అది ఇంటికొచ్చాక, దసరా దీపావళి రోజుల్లో, వయసులో ఉన్నవాళ్ళంతా ఊళ్ళ మీద పడతారు. మన పట్నాల్లో చలికాలం రోడ్డు పక్కన వరసగా వెలిసే స్వెటర్ల దుకాణాలు చూసే ఉంటారు కదా, వాటి గురించే చెప్తున్నాను. సరుకు ఎక్కువగా లుధియానా నుంచి వస్తుంది, ఎక్కువగా అప్పు మీదే. సీజన్ అయ్యాక, వాళ్ళ కొత్త సంవత్సరం లోసార్ లోపు, బాకీ తీర్చాలి. చేతిలో భూమి పట్టా లేదు, తాకట్టుకు ఇల్లు లేదు, పౌరసత్వమూ లేదు. అంత సరుకు ఏ ధైర్యంతో ఇస్తారు మరి? హోల్‌సేల్ వ్యాపారి ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఇవ్వడు, అతని వెనకున్న గుంపును చూసి ఇస్తాడు. కొత్తగా పెళ్ళయిన జంట మొదటి ఏడాది సొంత ఖాతాతో వెళ్ళదు. పాత వ్యాపారి ఎవరో తన ఖాతాలో రెండు బేళ్ళు, అంటే సరుకు మూటలు, ఎక్కువ రాయించి వాళ్ళకిస్తాడు. రెండు మూడు సీజన్లు సరిగా తీరిస్తే వాళ్ళ పేరు మీద ఖాతా తెరుస్తారు. ఎగ్గొడితే? పాతవాడు కట్టాల్సిందే, కడతాడు కూడా. ఎందుకంటే వచ్చే ఏడాది అతనికి సరుకు కావాలి, అతని వెనక ఉన్న ఇంకో పదిమందికీ కావాలి.

దగ్గర నుంచి చూసినదొకటి చెప్తాను. తీరంలో ఒక ఊళ్ళో, డిసెంబరులో అకాల వర్షం పడింది. చివరి దుకాణం ఒక నడివయసు ఆమెది, పల్లంలో ఉంది. రాత్రికి రాత్రి నీళ్ళొచ్చి కింద పెట్టిన బేళ్ళు నానిపోయాయి. పొద్దున నేను వెళ్ళేసరికి ఏడుపులూ ఓదార్పులూ ఏమీ లేవు. వరసలో మిగతా దుకాణాల వాళ్ళు ఒక్కొక్కరే నాలుగైదు స్వెటర్లు, ఓ డజను మఫ్లర్లు తెచ్చి ఆమె తాళ్ళకు తగిలిస్తున్నారు. ఒక కుర్రాడు పొడుగాటి నోటుబుక్కులో ఎవరివి ఏ రంగువి ఎన్ని అని రాస్తున్నాడు. షరతేమిటని అడిగితే చెప్పాడు: అమ్ముడైతే అసలు ధర సరుకు యజమానిది, పైన వచ్చింది ఆమెది, అమ్ముడు కాకపోతే వెనక్కి. ఒక్కరూ చేతిలో డబ్బు పెట్టలేదు. తడిసిన వాటిని లాడ్జి మేడ మీద ఆరబెట్టి, చివరి వారంలో సగం ధరకు వదిలించుకున్నారు. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ నోటుబుక్కు. మనమైతే అలాంటి సమయంలో లెక్క రాయడం అమర్యాద అనుకుంటాం. లెక్క రాయబట్టే ఆమె తలెత్తుకుని తీసుకోగలిగింది. దానం అయితే రెండో ఏడాది అదే వరసలో కూర్చోవడం కష్టమయ్యేది.

ఇటు శిబిరంలో ఆ మూడు నెలలూ ముసలివాళ్ళు, చిన్నపిల్లలే. ఎవరి ఆవుకు ఎవరు మేత వేయాలి, బీపీ మాత్రలు ఎవరు తెచ్చివ్వాలి, జ్వరం వస్తే మోహన ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళాలి అన్నది వెళ్ళేముందే మాట్లాడుకుంటారు. ఈ ఏడాది ఉండిపోయినవాళ్ళు వచ్చే ఏడాది వెళ్తారు. కీదూగ్ అనే సంఘాలు కూడా ఉంటాయి, పెళ్ళికీ చావుకీ అందరూ వేసుకునే చందాలతో నడిచేవి. వాళ్ళ ఆచారంలో మనిషి పోయాక నలభై తొమ్మిది రోజుల కర్మ ఉంటుంది, వెన్న దీపాలు, లామాల పూజలు, వచ్చిపోయేవాళ్ళకు టీ, భోజనం. ఒక్క కుటుంబం మీద పడితే ఏడాది సంపాదన ఊడ్చుకుపోతుంది. సంఘం పంచుకుంటుంది కాబట్టి గట్టెక్కుతారు.

ఇప్పుడు ఇది పలచబడుతోంది, అదీ చెప్పాలి. పిల్లలు చదువుకుని బెంగళూరు, ఢిల్లీ, వీలైతే విదేశాలకు వెళ్ళిపోతున్నారు. అక్కడి నుంచి డబ్బు పంపుతారు. ముసలాయన్ని కుర్చీలోంచి లేపి స్నానం చేయించాలంటే మాత్రం పక్కింట్లో మనిషి ఉండాలి, పక్కిల్లు తాళం వేసి ఉంటోంది. చుట్టుపక్కల సవర ఊళ్ళ ఆడవాళ్ళు జీతానికి వచ్చి చేస్తున్నారు. అది ఇద్దరికీ పనికొచ్చేదే గానీ, వంతుల పద్ధతి వేరు, జీతం వేరు.

మల్కన్‌గిరి కథ ఇంకో రకం.

తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చినవాళ్ళ కోసం 1958లో దండకారణ్య ప్రాజెక్టు పెట్టారు. రాయపూర్ దగ్గర మానా క్యాంపులో కొంతకాలం ఉంచి, అక్కణ్ణుంచి అప్పటి కొరాపుట్ జిల్లా అడవుల్లోకీ బస్తర్‌లోకీ పంపారు. ఊళ్ళకు పేర్లు పెట్టలేదు, నంబర్లు వేశారు. మల్కన్‌గిరి వైపు ఎంవీ, ఉమర్‌కోట్ వైపు యూవీ, పరల్‌కోట్ వైపు పీవీ. ఇప్పటికీ "మీదే ఊరు" అంటే "ఎంవీ ఫలానా" అనే చెప్తారు. వచ్చినవాళ్ళలో చాలామంది నామశూద్రులనే బెంగాలీ దళిత కులంవాళ్ళు, నీళ్ళలో పుట్టి పెరిగిన రైతులు, జాలర్లు. వాళ్ళను రాళ్ళనేల మీద, వాన మీద ఆధారపడిన చేలల్లో దింపారు. మొదటి ఏళ్ళలో చెరువు తవ్వడమే పెద్ద ఉమ్మడి పని. ప్రభుత్వం తవ్వించినవి కొన్ని, ఊరు ఊరంతా తట్ట మోసి తవ్వుకున్నవి కొన్ని. చెరువు ఉంటే చేప ఉంది, గట్టు మీద కూరగాయ ఉంది. ఇవాళ మల్కన్‌గిరి సంతల్లో కనపడే కూరగాయలూ చేపలూ చాలావరకు ఆ ఊళ్ళవే.

పిడికెడు బియ్యం పద్ధతి నేను బాగా గమనించాను. అన్నం వండేముందు ఇంటావిడ గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. వారానికోసారి ఒకావిడ ఇల్లిల్లూ తిరిగి పోగుచేస్తుంది. బాలింత ఉన్న ఇంటికో, కూలి దొరకని ఇంటికో వెళ్తాయి, లేదా అమ్మి ఆ డబ్బు సంఘంలో వేస్తారు. 2001లో ఒడిశా ప్రభుత్వం మిషన్ శక్తి పేరుతో మహిళా సంఘాలు మొదలుపెట్టినప్పుడు, ఈ కుండ ఉన్న వాడల్లో సంఘాలు చకచకా నిలబడ్డాయి. కుండ లేనిచోట బ్యాంకు అప్పు కోసం పేర్లు రాయించుకుని, అప్పు వచ్చాక చెదిరిపోయినవే ఎక్కువ. నామశూద్రుల్లో ఎక్కువమంది పాటించే మతువా అనే భక్తి సంప్రదాయం వాళ్ళ కీర్తన బృందాలు ఇంకో దారి. డంకా కొట్టుకుంటూ ఊరూరూ తిరుగుతారు, మహారాష్ట్రలో గడ్చిరోలి వైపు చామోర్షి, ముల్‌చేరాల్లో స్థిరపడిన బెంగాలీల దాకా సంబంధాలు ఉంటాయి. ఆ తిరుగుళ్ళలోనే పెళ్ళి సంబంధాలు కుదురుతాయి, కౌలుకు పొలం ఎక్కడుందో తెలుస్తుంది, పారిపోయిన అల్లుడి ఆచూకీ కూడా దొరుకుతుంది.

కబురు ఎంత విలువైనదో ఆసుపత్రి దగ్గర తెలుస్తుంది. మల్కన్‌గిరి నుంచి పెద్ద జబ్బు వస్తే భద్రాచలమో, ఇంకా పెద్దదైతే విశాఖ కేజీహెచ్చో. భాష రాదు. ఒక ఎంవీ ఊళ్ళో పూజా కమిటీ వాళ్ళ దగ్గర ఒక కాగితం చూశాను, మడతలు పడి చిరిగితే వెనక టేపు అంటించారు. విశాఖలో ఉంటున్న తమ జిల్లా వాళ్ళ ఫోన్ నంబర్లు, ఎవరికి తెలుగు వచ్చు, ఎవరు రాత్రిపూట రాగలరు, ఎవరిది ఏ బ్లడ్ గ్రూపు, తక్కువలో గది ఎక్కడ, ఓపీ చీటీకి ఎన్నింటికి లైన్లో ఉండాలి, అన్నీ బెంగాలీ లిపిలో. ఏ ప్రభుత్వ కరపత్రంలోనూ అంత పనికొచ్చే సమాచారం నేను చూడలేదు. ఒకసారి రోగిని తీసుకెళ్ళి వచ్చినవాడు, తనకు తెలిసిన కొత్త సంగతి దాంట్లో రాయాలి. అదే దాని రుసుము.

కాగితాల పెట్టె గురించి చెప్పకుండా మల్కన్‌గిరి పూర్తి కాదు. సరిహద్దు దాటినప్పుడు ఇచ్చిన బోర్డర్ స్లిప్పులు, క్యాంపు కార్డులు, భూమి ఇచ్చిన పత్రాలు. చాలా ఊళ్ళలో చదువుకున్న పెద్దమనిషి ఒకరు ఈ కాగితాల నకళ్ళన్నీ రేకు పెట్టెలో, ఇంటింటికీ వేరే పాలిథిన్ కవరులో దాచి ఉంచుతారు. ఇల్లు తగలబడినా, చెదపట్టినా, అన్నదమ్ములు కొట్టుకుని ఒకడు కాగితం చింపేసినా, నకలు ఆ పెట్టెలో దొరుకుతుంది. మనవడు కుల ధ్రువీకరణకు వెళ్తే తాత కాగితం అడుగుతారు మరి. పౌరసత్వ చట్టానికి 2019లో సవరణ వచ్చి, 2024 మార్చిలో నిబంధనలు వెలువడ్డాక, ఆలస్యంగా వచ్చిన కుటుంబాలకు కాగితాల టెన్షన్ ఇంకా పెరిగింది. మీరు ఇలాంటి ఊరికి వెళ్తే పెట్టె ఉన్నవాళ్ళను గౌరవంగా కలవండి. కాగితాలు ఫొటో తీసుకుంటానని మాత్రం మొదటి రోజే అడగకండి.

అంతా ఇలా బాగానే ఉందనుకుంటే పొరపాటు. 1978లో దండకారణ్యం నుంచి వేలాది కుటుంబాలు ఇచ్చిన భూములు వదిలి సుందరబన్స్‌లోని మరిచ్‌ఝాపికి వెళ్ళాయి. 1979 మే నెలలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వాళ్ళను బలవంతంగా ఖాళీ చేయించింది. చాలామంది మళ్ళీ ఇక్కడికే రావాల్సి వచ్చింది. వాళ్ళు లేనప్పుడు వాళ్ళ పొలం ఎవరు దున్నారు, తిరిగొచ్చాక వదిలారా లేదా అన్న మాట ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో పుల్లవిరుపుగానే ఉంటుంది. "కన్నబిడ్డలా చూసి అప్పగించాం" అన్నవాళ్ళ మాటా విన్నాను, "గట్టు జరిపేశాడు" అన్నవాళ్ళ మాటా విన్నాను. రెండూ నిజమే అయ్యుంటాయి.

ఇక రిజర్వాయర్ నిర్వాసితులు. వీళ్ళ గురించి మీరు అడగలేదు గానీ, పోల్చి చూస్తే అసలు కిటుకు ఇక్కడే తెలుస్తుంది. టిబెటన్లనూ బెంగాలీలనూ ఎంత చెడ్డచోట దింపినా, గుంపుగా దింపారు. మాచ్‌ఖండ్, బలిమెల ముంపు ఊళ్ళలో నేను మాట్లాడిన ముసలివాళ్ళు మాత్రం ఎవరి దారి వాళ్ళు చూసుకున్నవాళ్ళే. అన్న ఒక కొండ మీద, తమ్ముడు ఇంకో కొండ మీద, మధ్యలో నీళ్ళు. బలిమెల వెనక చిక్కుకుపోయిన ఊళ్ళకు 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా పడవే దిక్కు. నాటుకు రమ్మంటే అన్నదమ్ములు రాలేని పరిస్థితిలో ఇక వంతు ఎక్కడిది? వీళ్ళు ఒకరినొకరు పట్టించుకోరని ఆఫీసుల్లో తేలిగ్గా మాట్లాడటం విన్నాను. పట్టించుకునే దారి నీళ్ళపాలైంది. మనుషులను కలిపి ఒకచోట ఉంచితే పూచీ బతుకుతుంది, విడదీస్తే ఎంత పరిహారం ఇచ్చినా అది తిరిగి రాదు. మీ సంస్థలో పునరావాసం మాట ఎప్పుడు వచ్చినా, ఎన్ని ఎకరాలు అనేదాని కంటే ముందు ఎవరి పక్కన ఎవరు అని అడగండి.

మనవాళ్ళలోనూ ఇది ఉంది. రంగం, అంటే బర్మా, వెళ్ళిన గంజాం, శ్రీకాకుళం కుటుంబాలు మీకూ తెలిసే ఉంటాయి. 1942లో జపాన్ బాంబులకు నడిచి వచ్చినవాళ్ళు, 1960ల్లో అక్కడి ప్రభుత్వం వ్యాపారాలు లాక్కున్నాక ఓడల్లో వచ్చినవాళ్ళు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేట ఆ జ్ఞాపకమే. మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పేదాన్ని బట్టి, కాలినడకన వచ్చినప్పుడు ఒకే ఊరివాళ్ళు ఒకే మేస్త్రీ కింద పనిచేసినవాళ్ళయితే కలిసి నడిచారు, గర్భిణి కోసం గుంపంతా ఆగింది. ఎవరికీ చెందకుండా విడిగా ఉన్నవాళ్ళ కోసం ఎవరూ ఆగలేదు.

తుఫాను శిబిరం చిన్న కాలానిదే అయినా ఈ పద్ధతి ఎలా పుడుతుందో చూడ్డానికి మంచి చోటు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి కొండల మీద విరుచుకుపడింది. కొండచరియలు విరిగిపడ్డాయి, రోడ్లు తెగాయి, కరెంటు లేదు. ఒక స్కూల్లో తలదాచుకున్న సవర కుటుంబాల మధ్య నేనున్నాను. మొదటి రోజు సాయంత్రానికే, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి నల్లబల్ల మీద సుద్దతో గీతలు గీసింది. ఊరి పేరు, ఇంటి పెద్ద, ఎంతమంది వచ్చారు, ఎవరు ఇంకా రాలేదు. పక్కన చిన్న గుర్తులు. గుండ్రం అంటే కడుపుతో ఉన్నావిడ, అడ్డగీత అంటే మాత్రలు వేసుకునే మనిషి. ఆ బల్ల చూసి నీళ్ళకు ఎవరు వెళ్ళాలి, వెతకడానికి ఎవరు వెళ్ళాలి అని పెద్దవాళ్ళు పంచుకున్నారు. రెండో రోజు ఒక అధికారి ఫారాలు తెచ్చి మళ్ళీ మొదటి నుంచి రాయమన్నాడు, పొద్దంతా దానికే సరిపోయింది. బల్ల చూసి ఎక్కించుకుంటే గంట పని.

ఈ సాయం ఎక్కడ తెగిపోతుందంటే, దీర్ఘకాలం సాగే కష్టం దగ్గర. చావుకు అందరూ వస్తారు, కాన్పుకు వస్తారు, కాలిన ఇంటికి తాటాకో రేకో ఇస్తారు. డయాలసిస్‌కు ఏడాదిపాటు రారు, రాలేరు. మతి చలించిన మనిషి ఉన్న ఇంటికి మొదట్లో వచ్చి తరవాత తప్పుకుంటారు. తాగి రెండుసార్లు బాకీ ఎగ్గొట్టినవాడికి పూచీ ఇచ్చేవాడు ఉండడు, అతని భార్యకూ ఉండడు, ఆమె చేసిన తప్పేమీ లేకపోయినా. వేరే కులం నుంచో వేరే ప్రాంతం నుంచో పెళ్ళి చేసుకుని వచ్చిన కోడలు వితంతువైతే, పుస్తకంలో ఆమె పేరు ఎవరి కింద రాయాలన్నదే పంచాయితీ. బయటి సంస్థ డబ్బు వెళ్ళాల్సింది సరిగ్గా ఈ ఇళ్ళకు. మిగతావాటికి వాళ్ళ పద్ధతి వాళ్ళకుంది.

ఇంకో చేదు సంగతి. లోపల అల్లుకున్నది బయటివాళ్ళకు గోడలా అనిపిస్తుంది. మల్కన్‌గిరిలో పునరావాసానికి ఇచ్చిన అడవి అంతకుముందు కోయల చేలు, మేత, వేట. "వాళ్ళలో వాళ్ళు ఒకటి, సంతలో తూకం వాళ్ళదే" అని ఒక కోయ పెద్ద నాతో అన్నాడు. ఆయన దృష్టిలో అది ఐకమత్యం కాదు, ముఠా కట్టు. మీరు ఒక గుంపుతోనే పనిచేస్తే మీరూ ఆ కట్టులో భాగమైనట్టే లెక్క. పక్క ఊరి ఆదివాసీ సంఘానికి కూడా అదే సమయంలో ఏదో ఒక పని పెట్టుకోండి. ఆసుపత్రి బండి ఇద్దరికీ ఒకటే ఉండేలా చూడటం లాంటివి పనిచేస్తాయి, సమైక్యత మీటింగులు పనిచేయవు.

పుస్తకం, జాబితా అని ఇంతసేపు చెప్పాను గానీ, దానికి మినహాయింపు కంధమాల్. 2008 ఆగస్టు తరవాత ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు పేరు రాయించుకోవడానికే భయపడేవారు. జాబితా ఎవరి చేతిలో పడుతుందో అన్న భయం. వాళ్ళ మధ్య సాయం నోటిమాట మీదే నడిచింది, చుట్టం ఇల్లు, చర్చి పరిచయం, కూలి మేస్త్రీ. హింస నుంచి వచ్చినవాళ్ళ దగ్గర కాగితం తీయకండి. వాళ్ళే తీస్తే అప్పుడు రాసుకోండి.

మీరు చేరాక చేయాల్సినవి అని కొన్ని అడిగారు కాబట్టి చెప్తున్నాను. కొత్త సంఘం పెట్టకండి, ఉన్నదేదో వెతకండి. పూజా కమిటీ, కీదూగ్, బియ్యం కుండ, బస్టాండు దగ్గర టీకొట్టు, ఏదో ఒక రూపంలో ఉంటుంది. డబ్బంతా ఒక నాయకుడి చేతుల మీదుగా పోనివ్వకండి. అప్పటిదాకా వంతుగా తిరిగిన పెద్దరికం ఒక్క మనిషి దగ్గర ఆగిపోతుంది, మిగతావాళ్ళు ఇవ్వడం మానేస్తారు. కాగితాల పనిలో మీరు నిజంగా అక్కరకొస్తారు. ఆర్‌సీ రెన్యువల్, రేషన్ కార్డు, పింఛను, ఇవి ఎంత ఐకమత్యం ఉన్నా వాళ్ళంతట వాళ్ళు ఇచ్చుకోలేనివి. టిబెటన్లకు రాష్ట్ర పథకాలు వర్తింపజేయాలని కేంద్రం 2014లో ఒక పునరావాస విధానం ప్రకటించింది, దాని ప్రతి దగ్గర పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళండి, నోటిమాటకు అక్కడ విలువ లేదు. ఇంకొకటి, మీకు టీ ఇస్తే తాగండి, కూరగాయలు ఇస్తే తీసుకోండి. తీసుకోని మనిషిని వాళ్ళ లెక్కలో ఎక్కడా రాసుకోలేరు.

చంద్రగిరికి మొదటిసారి వెళ్ళేటట్టయితే జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్ళండి. దసరా దాటితే మాట్లాడాల్సిన వాళ్ళంతా స్వెటర్ల మీద ఊళ్ళు పట్టుకుని పోయి ఉంటారు. బరంపురం నుంచి దిగపహండి, తప్తపాణి మీదుగా బస్సు ఉంటుంది, పర్లాకిమిడి వైపు నుంచి ఘాట్ దారి వానల్లో నమ్మకం లేదు. ఒడియా నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళండి, హిందీ కూడా నడుస్తుంది. పర్లాకిమిడిలో ఆగితే చెప్పండి, మోహనలో పొదుపు సంఘాల పని ఇప్పటికీ చూస్తున్నవాళ్ళ దగ్గరకు తీసుకెళ్తాను.